కదిలింది బుద్రి కాదు

"కదిలాడు", "కదిలింది", "కదిలారు". నా ఉద్యోగం మొత్తంలో నాకు ఒళ్ళు మండించిన మాటలు ఇవే. ఫొటో మసగ్గా వస్తే తీసినవాడూ ఇదే అంటాడు, దాన్ని కార్డు మీద అంటించేవాడూ ఇదే అంటాడు, సంతకం పెట్టే ఆఫీసరూ ఇదే అంటాడు. కెమెరా ముందు నిలబడ్డ మనిషిని మాత్రం ఎవరూ అడగరు.

నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో ఫొటోగ్రాఫరుగా చేసి రిటైరయ్యాను. ఆఫీసు పేరు ఎందుకులెండి, అందులో మనుషులింకా బతికే ఉన్నారు. అరకు, జి.మాడుగుల, ముంచింగిపుట్టు, కొన్నాళ్ళు సీతంపేట. తొంభైల మొదట్నుంచి నా కాళ్ళు తిరిగింది ఈ కొండల్లోనే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరకొచ్చి "ఏ కెమెరా కొనాలండీ" అని అడుగుతుంటారు. ఏదైనా కొనుక్కోండి నాయనా. ముందు ఇది చదవండి.

రింగు తిప్పిన కాలం

నేను చేరినప్పుడు ఆఫీసులో ఉన్నది చేత్తో ఫోకస్ చేసే ఫిల్ము కెమెరా. కంటికి ఆనించి చూస్తే మధ్యలో చిన్న గుండ్రం కనబడేది. ఎదుటి మనిషి ముఖం ఆ గుండ్రంలో రెండు ముక్కలై ఉండేది. కళ్ళు ఒక వైపు, ముక్కు ఇంకో వైపు. లెన్సు మీద రింగు తిప్పుతూ పోతే ఆ రెండు ముక్కలూ వచ్చి ఒకదానికొకటి అతుక్కునేవి. అతుక్కున్న క్షణాన బటను నొక్కాలి. ఇంతే విద్య.

ఇందులో ఒక మేలుంది. ఫోకస్ ఎక్కడ పెట్టాలన్నది నేను నిర్ణయించాలి. తప్పితే తప్పు నాదే. ఇంకొకడి మీదకి తోసెయ్యడానికి సందు లేదు. ఆ రోజుల్లో మేం తిట్లు తిన్నాం, ఫిల్ము పాడుచేశాం, కానీ ఎదుటి మనిషిని దోషిని చెయ్యలేదు.

కంటికి బదులు మోటారు

తొంభైల మధ్యలో ఆటోఫోకస్ కెమెరా వచ్చింది. మంత్రం కాదది. లెన్సు ఎడమ పక్క నుంచి వచ్చే వెలుగునీ కుడి పక్క నుంచి వచ్చే వెలుగునీ విడదీసి, లోపల ఒక చిన్న సెన్సారు మీద రెండు బొమ్మలుగా పడేస్తారు. ఆ రెండూ ఎంత తప్పి ఉన్నాయో కెమెరా కొలుస్తుంది. ఆ లెక్క ప్రకారం మోటారు లెన్సుని తిప్పుతుంది. నేను రింగు తిప్పి ముక్కలు అతికించినట్టే, అది కూడా అతికిస్తుంది. నాకంటే బేగి చేస్తుంది, ఒప్పుకుంటాను.

తర్వాత వచ్చిన చిన్న డిజిటల్ కెమెరాలకి ఆ రెండు బొమ్మల ఏర్పాటు కూడా లేదు. అవి లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపి చూస్తాయి. ఎక్కడ నలుపుకీ తెలుపుకీ తేడా గట్టిగా కనబడిందో అక్కడ ఆగుతాయి.

రెండింటికీ కావలసింది ఒకటే. ఒక గీత, ఒక అంచు. చొక్కా కాలరు, తలుపు చట్రం, చెట్టు కొమ్మ, ఏదో ఒకటి. అంచు దొరికిందా, పట్టుకుంటుంది. ఒకటి కంటే ఎక్కువ దొరికాయా, చాలాసార్లు దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. అది మనిషి కన్నో, కంది కాయో దానికి తెలియదు. తెలియకపోవడం దాని తప్పు కాదు. తెలుసని నమ్మడం మన తప్పు. ఇప్పటి ఫోన్లు ముఖాన్ని వెతుక్కుంటాయని మీరు అంటారు. వెతుక్కోనివ్వండి. దానికి ఏ ముఖం కనబడలేదో అది మీరు వెతకాలి.

అరకు మంచులో ఒక మంచి ఆఫీసరు

ఆ కొత్త కెమెరా పట్టుకుని నేను మొదట భంగపడ్డది అరకులో. కాఫీ మొక్కలు పంచే కార్యక్రమం. పొద్దున్నే పెట్టారు. పొగమంచు ఎలా ఉందంటే మొక్క అందుకుంటున్న రైతు చెయ్యి కనబడుతోంది గానీ రైతు కనబడటం లేదు. నేను బటను సగం నొక్కితే లెన్సు ముందుకి పోతుంది, వెనక్కి వస్తుంది, గీ గీ మంటుంది, ఎక్కడా ఆగదు. మంచులో అంచులేవీ? పట్టుకోవడానికి దానికేం దొరకలేదు. ఫోకస్ దొరక్కపోతే బటను కూడా పడదు ఆ కెమెరాకి. కార్యక్రమం అయిపోయింది, నా దగ్గర ఒక్క ఫొటో లేదు.

అప్పటి మా ఆఫీసరుకి నోరు పెద్దదే. "ఏం చేస్తున్నావయ్యా అక్కడ నిలబడి?" అని అందరి ముందూ కేకలేశాడు. "మీరే చూడండి సార్" అని కెమెరా ఆయన చేతిలో పెట్టాను. చూశాడు. బటను నొక్కాడు. గీ గీ.

"ఓరి దీని దుంప తెగ, దీనికేం కనబడటం లేదయ్యా!" అన్నాడు. "చేత్తో తిప్పే రింగు లేదా దీనికి?"

"ఉంది సార్. ఆటోమేటిక్ తీసెయ్యాలి."

"మరి తీసెయ్యి. ఏం ముహూర్తం చూస్తున్నావా?"

రైతుల్ని బతిమాలి మళ్ళీ నిలబెట్టి, చేత్తో తిప్పి తీశాను. నాకు ఆయనంటే ఇవాళ్టికీ గౌరవం. తిట్టాడు, కానీ తిట్టేశాక కెమెరాలోంచి తన కంటితో చూశాడు. తర్వాత వచ్చినవాళ్ళలో ఆ పని చేసినవాణ్ణి నేను ఎరగను.

గోడ మీద కేలండరు

రెండు వేలు దాటాక ఇంకో ఆఫీసరు వచ్చాడు. ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళం. చిన్న డిజిటల్ కెమెరాలు తెప్పించింది ఆయనే. తెప్పించిన రోజు నుంచీ వాటిమీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. "పూర్తి ఆటోమేటిక్. ఇక తప్పు జరగడానికి వీల్లేదు" అని ప్రతి మీటింగులో చెప్పేవాడు.

జి.మాడుగుల వైపు ఒక ఊళ్ళో గుర్తింపు కార్డుల పని పడింది. బడి గదిలో కూర్చోబెట్టి తీశాం. కిటికీ మూసి ఉంది, గది చీకటి. వెనక గోడకి తెల్లటి కేలండరు, పెద్ద పెద్ద నల్లటి అంకెలు. తిరిగొచ్చి కంప్యూటరులో చూస్తే, కేలండరులో తేదీలన్నీ చదువుకోవచ్చు. మనుషుల ముఖాలు మాత్రం తడిసిన కాగితం మీద సిరాలా ఉన్నాయి. చీకట్లో నల్లటి ముఖం మీద కెమెరాకి అంచు దొరకలేదు, కేలండరు మీద దొరికింది, పోయి దాన్ని పట్టుకుంది.

పెద్దసారు చూసి ఏమన్నాడో తెలుసా? "వీళ్ళ రంగుకి ఏ కెమెరా పనిచేస్తుందయ్యా!" అని నవ్వాడు. పక్కనున్న ఇద్దరు గుమస్తాలు కూడా నవ్వారు.

మా అమ్మది ఆ రంగే. నాదీ ఆ రంగే. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ మూసుకోవడం ఉంది చూశారూ, అదే తర్వాత నా మెడకి చుట్టుకుంది.

ఆ ఫొటోలు మళ్ళీ తీశాను. అదే మనుషులు, అదే కెమెరా. కుర్చీని గుమ్మంలోకి జరిపాను, కేలండరు తీసేశాను. ప్రతివాళ్ళనీ తువ్వాలు గానీ చీరకొంగు గానీ మెడ దగ్గరికి లాక్కోమన్నాను. మెడకి గుడ్డ ఆనేచోట అంచు ఉంటుంది, అది ముఖమంత దూరంలోనే ఉంటుంది. దానిమీద బటను సగం నొక్కి పట్టి, ఫోకస్ కదలకుండా ముఖం వైపు తిప్పి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. ఒక్క ఫొటో చెడలేదు. రంగు మారిందా? మారలేదు. వెలుగు మారింది, మేం నిలబడ్డ చోటు మారింది. నల్లటి ముఖం కెమెరాకి చిక్కదని మీతో ఎవడైనా అంటే, వాడికి పని రాదని అర్థం చేసుకోండి.

కందిచేనులో బుద్రి

ఇక అసలు సంగతికి వస్తాను. కొండమీద పోడు చేసుకుంటున్నవాళ్ళకి ఆ భూమి మీద హక్కు పత్రాలు ఇచ్చే పని రెండు వేల దశకం చివర్లో మొదలైంది. దరఖాస్తుతోపాటు, సాగులో ఉన్న భూమిలో ఆ మనిషి నిలబడ్డ ఫొటో కావాలి. ముఖం గుర్తుపట్టేలా ఉండాలి. లేకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారు.

ముంచింగిపుట్టు నుంచి సగం రోజు నడిస్తే వచ్చే ఒక ఊరు. కొండవాలు మీద పదకొండు మందికి పక్కపక్కనే చేలు. చలికాలం. కంది నిలువెత్తు పెరిగి కాయలు కాసి ఉంది. వాళ్ళలో ఒకామె బుద్రి. అరవై దాటి ఉంటాయి. మొగుడు పోయాడు. ఆ చేను తప్ప ఆమెకి ఇంకో ఆధారం లేదు.

"అమ్మా, ఈ కొమ్మలు అడ్డమొస్తున్నాయి. కాస్త విరిచేసి ముందుకి రా" అన్నాను.

నేనేదో పాపపు మాట అన్నట్టు చూసింది. "కందికొత్త అవలేదు బాబూ. కొత్త సెయ్యకుండా కాయ మీద సెయ్యి ఎయ్యకూడదు."

కొత్త పంటని ముందు దేవతకి పెట్టి, ఊరంతా కలిసి పండగ చేసి, ఆ తర్వాతే తింటారు వాళ్ళు. దాన్నే కొత్త అంటారు. అప్పటిదాకా కాయ తెంపరు, కొమ్మ విరవరు.

"పోనీ, చేను బయటికొచ్చి గట్టు మీద నిలబడు."

"గట్టు మీద నిలబడితే గట్టు నాదని రాత్తారేటి? సేను నా ముందల ఉండాల. సేనే కదా సాచ్చికం." అని కందిలోకి నడిచి, కొమ్మల వెనక నిలబడింది. ముఖం కొమ్మల మధ్యలోంచి కనబడుతోంది. మిగతా పదిమందీ అలాగే నిలబడ్డారు.

"కదలకండి" అన్నాను. తీశాను. కెమెరా వెనక అగ్గిపెట్టెంత తెర మీద అన్నీ బాగానే ఉన్నట్టు కనబడ్డాయి. ఆ తెరని నమ్మకండి. అంత చిన్న బొమ్మలో ఏదైనా బాగానే కనబడుతుంది. పెద్దది చేసి కన్ను చూడాలి. నేను చూడలేదు.

ఆఫీసులో ఫొటోలు పెద్దవిగా అచ్చువేస్తే పదకొండు ముఖాలూ మసక. పెద్దసారు ఫారాలు నా ముందు పడేశాడు. అందులో ఒక గడి ఉంది, "ఫొటో స్పష్టంగా లేకపోవడానికి కారణం" అని. "రాయి, కదిలారని" అన్నాడు. రాశాను. దరఖాస్తుదారు కదిలినందున. పదకొండుసార్లు రాశాను, పదకొండు సంతకాలు పెట్టాను. ఫోకస్ తప్పిందని రాస్తే ఆయన కెమెరాని అన్నట్టవుతుంది. ఆయన్ని అన్నట్టవుతుంది. నాకు ఆ ధైర్యం లేకపోయింది.

సంత రోజు

సంత రోజున ముంచింగిపుట్టులో ఒక కొట్టు దగ్గర టీ తాగుతున్నాను. బుద్రి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో తిరస్కరించిన కాగితం. ఎవరో చదివి చెప్పినట్టున్నారు.

"ఏటి రాసినావు బాబూ? నాను కదిలీసినానని రాసినావట."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"నువ్వు కదలకన్నావని ఊపిరి కూడా బిగబట్టినాను. కట్టెలకెళ్తే ఎలుగుబంటి ఎదురొచ్చింది ఒకపాలి. అప్పుడే కదల్లేదు నాను. నీ డబ్బాకి కదుల్తానా?"

కొట్టు దగ్గరున్న జనమంతా మావైపు తిరిగారు. ఆమె గొంతు తగ్గించలేదు. ఎందుకు తగ్గించాలి? "సేను పోతే నాను ఏటి తినాల? నువ్వు సెప్పు."

తిరిగి వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆమె ఫొటో తెరిచి పెద్దది చేశాను. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మీ ఉద్యోగంలో వంద మందిని కాపాడుతుంది. మనిషి కదిలితే మసక ఒక వైపుకి ఈడ్చినట్టు ఉంటుంది. చెయ్యి వణికితే ఫొటో మొత్తం ఈడ్చుకుపోతుంది. ఫోకస్ తప్పితే మసక అన్ని వైపులకీ సమానంగా పరుచుకుంటుంది, కాగితం మీద నూనె చుక్క పడ్డట్టు. బుద్రి ముఖం నూనె చుక్కలా ఉంది. ఆమె ముందున్న కంది కాయ మీద నూగు కూడా లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. కెమెరా దగ్గరగా ఉన్న కాయని పట్టుకుంది. ఆమె రవ్వంత కూడా కదల్లేదు. పదకొండు మందిలో ఒక్కరూ కదల్లేదు.

పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. "సార్, ఫోకస్ తప్పింది. మళ్ళీ తీస్తాను."

"ఆటోమేటిక్ కెమెరాకి ఫోకస్ తప్పడం ఏమిటయ్యా? తిరస్కరించినవాటి జాబితా సోమవారం మూసేస్తున్నారు. వాళ్ళు కదిలారు, నువ్వే రాశావు, సంతకం నీదే."

నిజమే. సంతకం నాదే.

ఒక సెకను

ఆదివారం తెల్లవారేసరికి ఆ కొండ మీద ఉన్నాను. భుజాన నా సొంత పాత ఫిల్ము కెమెరా, మూడు కాళ్ళ స్టాండు. కందికొత్త ఇంకా కాలేదు. బుద్రిని కొమ్మలు తియ్యమని అడగలేదు. సాక్ష్యం ఆమె ముందే ఉండనీ అనుకున్నాను.

అయితే ఇప్పుడు చిక్కొకటి ఉంది. ముఖం మీద ఫోకస్ పెడితే చేను మసకబారుతుంది, చేను మీద పెడితే ముఖం మసకబారుతుంది. ఆటోఫోకస్ చేసేది ఎప్పుడూ ఒక్క దూరాన్ని ఎంచుకోవడమే. ఆఫీసుకి ముఖం కావాలి. బుద్రికి చేను కావాలి. రెండూ కావాలంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చెయ్యాలి, దానికున్న అంకెల్లో చివరిది, ఇరవై రెండు దగ్గర పెట్టాలి. ఫోకస్ కాయకీ ముఖానికీ మధ్యలో ఎక్కడో పెట్టాలి. పాత లెన్సుల మీద ఏ అంకెకి ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా స్పష్టంగా వస్తుందో గీతలుండేవి. ఆ గీతలు చూసి పెట్టాను. కానీ రంధ్రం చిన్నదైతే వెలుగు తక్కువ వస్తుంది, ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ మంచు వెలుగులో లెక్క కడితే ఒక సెకను వచ్చింది.

ఒక సెకను అంటే మీకు తక్కువ అనిపించవచ్చు. అద్దం ముందు నిలబడి చూసుకోండి. రెప్ప వాలుతుంది, తల ఊగుతుంది. ఈ ఉద్యోగంలో చేరకముందు స్టూడియోలో పనిచేసినప్పుడు పెళ్ళికొడుకుల్ని ఒక సెకను కదలకుండా ఉంచలేక నేను జుట్టు పీక్కున్నాను.

"అమ్మా, ఈసారి ఇంకా ఎక్కువసేపు కదలకూడదు" అన్నాను.

"నానెప్పుడు కదిలినాను?" అంది బుద్రి.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. కెమెరా కదలకుండా దానికి తగిలించిన వైరు చివర బటను నొక్కాను. కెమెరా తెరుచుకుంది, మూసుకుంది. పదకొండు మందివీ అలాగే తీశాను. సాయంత్రానికి ఇల్లు చేరి, మా స్నానాల గదిలోనే ఫిల్ము కడిగి, ఫొటోలు అచ్చువేశాను. తొట్టెలోని మందునీళ్ళలో బుద్రి ముఖం మెల్లగా తేలింది. నుదుటి మీద పచ్చబొట్టు చుక్కలు విడివిడిగా ఉన్నాయి. ఆమె ముందు కంది కాయలు, వాటిమీద మంచు బొట్లు. అన్నీ ఉన్నాయి. నేను ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, ఆనందంతో కాదు.

సోమవారం పొద్దున్నే ఆ ఫొటోలు పెద్దసారు బల్ల మీద పరిచాను. "ఒక్కొక్కటి ఒక సెకను తీశాను సార్. మీరు గానీ నేను గానీ ఇలా నిలబడలేం. ఇప్పుడు చెప్పండి, ఎవరు కదిలారో."

ఆయన ఫొటోలు అటూ ఇటూ తిప్పాడు. "బాగానే ఉన్నాయి. కానీ ఫారంలో కదిలారని ఉందే. దాన్నేం చేస్తావు? దిద్దితే నీ మీదకే వస్తుంది."

"రానివ్వండి" అన్నాను. ఆయన ముందే నిలబడి నా రాతని కొట్టేసి, కింద రాశాను. దరఖాస్తుదారు కదలలేదు. ఫోకస్ తప్పింది. పరిశీలించకుండా కదిలినట్లు రాసినది నేను. పదకొండుసార్లు రాశాను, పదకొండు సంతకాలు పెట్టాను.

తప్పుడు సమాచారం నమోదు చేసినందుకు నాకు మెమో వచ్చింది. రాయమన్నవాడే దాని మీద సంతకం పెట్టాడు. నా సర్వీసు మొత్తంలో నేను దాచుకున్న కాగితం అదొక్కటే.

హక్కు పత్రాలు తొమ్మిదిమందికి వచ్చాయి. ఇద్దరివి వేరే కొర్రీలు పెట్టి ఆపేశారు, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. బుద్రిది వచ్చింది. ఆ ఫొటో ఇంకోటి అచ్చువేసి పట్టుకెళ్ళి ఆమెకిచ్చాను. చాలాసేపు చూసింది. వేలితో ఒక్కొక్క కాయనీ తడిమింది.

"సేనూ ఉంది, నానూ ఉన్నాను" అంది. తర్వాత నా ముఖంలోకి చూసింది. "ఇందులో కదిలినానేటి?"

"లేదమ్మా."

"మరి అప్పుడు?"

"అప్పుడూ కదల్లేదు."

"మరి ఆ మాటెందుకు రాసినావు?"

అబద్ధమాడే ఓపిక నాలో మిగల్లేదు. "మా సారుకి భయపడి" అన్నాను.

బుద్రి నన్ను ఎగాదిగా చూసింది. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఎలుగుకంటే పెద్దోడేటి బాబూ, మీ సారు?"